మంత్రసాని ఉన్న పేజీ

మా చెల్లెలి కూతురు ఈ మధ్యనే ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరింది. చేరే ముందు రోజు ఫోన్ చేసి, “పెద్దమ్మా, అసలు ఈ ఉద్యోగంలో ఏం చెయ్యాలి?” అని అడిగింది. గొంతు పాడవకుండా గోరువెచ్చటి నీళ్లు తాగమనీ, హాజరు ముందే తీసుకోమనీ చెప్పాను. ఫోన్ పెట్టేశాక, ఇన్నేళ్లు పనిచేసి నేను చెప్పగలిగింది ఇదేనా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పాను. రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేవక ముందు చేరాను, రైళ్లు తిరగడం మొదలైన కొన్నేళ్లకు రిటైరయ్యాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో ఇక్కడ రాయను. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఉద్యోగం అంటే ఏమిటో నాకు ఆ తప్పు వల్లనే కొంత తెలిసింది.

ఎవరూ తీసుకోని పేపరు

మా డిపార్టుమెంటు హెడ్ సుభద్ర గారు. గుంటూరు వైపు మనిషి. మా వాళ్లదీ అటే కావడం వల్ల నాతో కాస్త చనువుండేది. చివరి ఏడాది పిల్లలకు గోథిక్ సాహిత్యం అని ఒక పేపరు పెట్టినప్పుడు దాన్ని ఎవరూ తీసుకోలేదు. పాత కోటలు, తుఫానులు, తాళం వేసిన గదులు, వాటిలో దేవుడి పని తాను చెయ్యబోయే శాస్త్రజ్ఞుడు, చివరికి అతని మీద తిరగబడే ప్రకృతి. ఇదంతా పిల్లలకు ఎలా చెప్పాలో అందరికీ సందేహమే.

“విజయా, నీకు దయ్యాలంటే భయం లేదుగా. ఇది నువ్వు తీసుకో,” అన్నారు సుభద్ర గారు. తీసుకున్నాను.

మా తరగతి కిటికీలోంచి చూస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులు కనిపించేవి. ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ముఖాలు వరసగా, ఒక్కొక్కటి మనిషంత ఎత్తున. నా ముందు కూర్చున్న వాళ్లలో సగం మంది ఆ బోర్డుల మీదికి ఎక్కాలని ప్రయత్నించి, కుదరక బీయేలో చేరినవాళ్లు. అలాంటి చోట నిలబడి, శాస్త్రం హద్దు దాటితే ఎంత వినాశనమో నేను చెప్పాలి. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకతను, “సైన్స్ రాకనే గీడికొచ్చినం మేడం. ఇప్పుడు సైన్సే తప్పంటున్నరు,” అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. అది మంచి ప్రశ్న అని అప్పుడు తోచలేదు.

సుభద్ర గారి పద్ధతి నోట్సు చెప్పి రాయించడం. ప్రతి పాఠానికి ఒక పెద్ద ప్రశ్న, దానికి అయిదు పాయింట్ల జవాబు. ఆవిడ వల్ల మా పిల్లలు పాసయ్యేవారు, అది చిన్న విషయం కాదు. ఇంటి నుంచి మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లలకు ఆ అయిదు పాయింట్లు మెట్లలా ఉపయోగపడేవి. కానీ మెట్లెక్కి ఎక్కడికి వెళ్లాలో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. కొన్నేళ్లకు ఆ పాయింట్లు నా నోటికీ వచ్చేశాయి. తరువాత కథ చదవడం మానేసి పాయింట్లే చదివాను. పుస్తకం తెరిచి చేతిలో ఉండేది, అంతే.

ఆ కథ

ఆ పేపరులో ఒక కథ ఉండేది, పేరు అనవసరం. సముద్రపు ఒడ్డున కొండ మీద ఒక పాత భవంతి. అందులో ఒక డాక్టరు. అతని భార్య ఏడో నెలలోనే ఆడపిల్లను కని చనిపోతుంది. గుప్పెడంత ఉన్న ఆ బిడ్డ బతకదని అందరూ అంటారు. డాక్టరు భవంతి నడిమధ్యలో ఒక గాజు గది కట్టించి, కింద ఆవిరి గొట్టాలు పెట్టి, బిడ్డను ఆ వెచ్చదనంలో ఉంచుతాడు. బిడ్డ బతుకుతుంది. కానీ అతను ఆమెను బయటికి రానివ్వడు. పన్నెండేళ్లు ఆ గాజులోనే పెంచుతాడు. పిల్ల పాలిపోయి, కాళ్లు సన్నబడి, మాట సరిగ్గా రాక, చేత్తో గాజును తడుముతూ బతుకుతుంది. చివరికి తుఫాను వచ్చి గాజు పగులుతుంది. డాక్టరు ఆ పెంకుల కింద చనిపోతాడు. పిల్ల అడవిలోకి నడిచి వెళ్లిపోతుంది.

దానికి మా ప్రశ్న: ఈ కథలో శాస్త్రానికీ ప్రకృతికీ మధ్య సంఘర్షణను చర్చించండి. జవాబు మీరు ఊహించగలరు. డాక్టరు ప్రకృతిని ధిక్కరించాడు, ప్రకృతి శిక్షించింది. గాజు శాస్త్రానికి గుర్తు, తుఫాను ప్రకృతికి గుర్తు. పదిహేను మార్కులు.

లావణ్య

ఆ అమ్మాయి పేరు లావణ్య. వాళ్లది నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. తల్లి యాదమ్మ అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉన్న ఒక హేచరీలో, అంటే కోడిపిల్లల్ని మిషన్లలో పొదిగించే చోట, పనిచేసేది. కాలేజీకి వచ్చే ముందు పొద్దున్నే కొన్ని గంటలు లావణ్య కూడా అక్కడే గుడ్లు ట్రేల్లో సర్దే పని చేసేది. అక్కడి నుంచి బస్సులో ఎల్బీనగర్ వచ్చి, ఇంకో బస్సు మారి కాలేజీకి చేరేసరికి నా క్లాసు సగం అయిపోయేది. నేను చాలాసార్లు కసిరాను. కారణం ఒక్కసారీ అడగలేదు. ఇవన్నీ నాకు తరువాత తెలిసినవి.

ఈ కథ పూర్తయిన రోజు లావణ్య చెయ్యెత్తింది.

“మేడం, గా మంత్రసాని ఏమైంది?”

“ఏ మంత్రసాని?”

“బిడ్డ పుట్టంగనే ఒకామె ఉంటది కద మేడం. డాక్టర్ ఆమెను ఎల్లగొడతడు. తర్వాత ఆమె ఏమైందో రాయలే.”

నాకు గుర్తు రాలేదు. గుర్తు లేదని చెప్పడానికి నోరు రాలేదు. “అది చిన్న పాత్రమ్మా. పరీక్షకు రాదు,” అన్నాను. ఎవరో నవ్వారు. లావణ్య కూర్చుంది.

జవాబు

మాది స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ. ప్రశ్నపత్రం మేమే తయారుచేస్తాం, మేమే దిద్దుతాం. పేపర్ల మీద పేర్లుండవు, నంబర్లే. ఆ ఏడాది నా కట్టలో ఒక జవాబు కోడిగుడ్లతో మొదలైంది. ఇంగ్లీషు తడబడుతూ ఉంది, కానీ అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. దాన్ని నా మాటల్లో చెబుతాను.

మా అమ్మ పనిచేసే చోట మిషన్ గంటకోసారి గుడ్లను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వంచుతుంది. వంచకపోతే లోపలి పిల్ల పెంకుకు అంటుకుని చచ్చిపోతుంది. మిషన్‌కు గాలి వచ్చే కంత ఉంటుంది, అది మూసుకుపోయినా చచ్చిపోతాయి. ఇవన్నీ కోడి చేసే పనులే. కోడి ముక్కుతో గుడ్లు దొర్లిస్తుంది, రోజుకోసారి లేచి వెళ్లి గుడ్లకు గాలి తగలనిస్తుంది. ఆ మిషన్ చేసినవాడు ముందు కోడి పక్కన కూర్చుని చూసి ఉంటాడని మా అమ్మ అంటుంది. ఈ కథలో డాక్టరు ఎవరినీ చూడలేదు. బిడ్డను ఎదకు ఆనించుకోమని మంత్రసాని చెప్పింది, తలుపు కొంచెం తెరిచి ఉంచమంది. ఆమెను వెళ్లగొట్టాడు. గాజు గది తప్పు కాదు, బిడ్డ బతికింది దాని వల్లే. ఇందులో శాస్త్రం ప్రకృతితో కొట్లాడలేదు. ఒక మగమనిషి మంత్రసానితో కొట్లాడాడు.

అంతే జవాబు. గుర్తులు లేవు, అయిదు పాయింట్లు లేవు, తుఫాను ఊసే లేదు. నేను పక్కన ఎర్ర సిరాతో ‘ప్రశ్నకు సంబంధం లేదు’ అని రాసి నాలుగు మార్కులు వేశాను. ఆ నాలుగూ కాగితం నింపినందుకు. ఆ నంబరు లావణ్యది. ఆ ఒక్క జవాబు వల్ల ఆమె పేపరు తప్పింది.

స్టాఫ్‌రూంలో

ఫలితాలు వచ్చిన మూడో రోజు లావణ్య స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడింది. చేతిలో జవాబు పత్రం నకలు, పాఠ్యపుస్తకం. పక్క కుర్చీలో సుభద్ర గారు టీ తాగుతున్నారు.

“సంబంధం లేదని రాసిన్రు మేడం. ఎట్ల లేదో జర చెప్తరా?”

“ప్రశ్న ఏమడిగింది? సంఘర్షణ అడిగింది. నువ్వు కోళ్ల గురించి రాశావు.”

“సంఘర్షణే రాసిన మేడం. ఎవలకెవలకు అయిందో రాసిన.” ఆమె పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. పేజీ చివర రెండు వాక్యాల కింద పెన్సిల్ గీత ఉంది.

చదివాను. మంత్రసాని అక్కడ నిజంగానే ఉంది. ఆ మాటలు నిజంగానే అంది.

నేను ఏదో ఒకటి అనేలోపే సుభద్ర గారు అందుకున్నారు. “చూడమ్మా, నువ్వు చెప్పేది బాగానే ఉంది. కానీ అరవై మంది ఒకలా రాసి నువ్వొక్కదానివే ఇంకోలా రాస్తే మేమేం చేస్తాం? రీవాల్యుయేషన్‌కి పెట్టుకో.”

లావణ్య ఆవిడ వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది. “మీరేమంటరు మేడం?”

“పెట్టుకో,” అన్నాను.

ఆమె పుస్తకం మూసి, వస్తా మేడం అని చెప్పి వెళ్లింది. రీవాల్యుయేషన్ చేసినతను మా కాలేజీవాడే. నేను తయారుచేసిన జవాబుల పత్రం ముందు పెట్టుకునే దిద్దాడు. మార్కులు మారలేదు.

కొత్తగా ఉద్యోగంలోకి వస్తున్నవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నా తప్పు నాలుగు మార్కులు వేయడం అని అనుకోవద్దు. దిద్దేటప్పుడు అలసట ఉంటుంది, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. పేజీ చూశాక, తప్పని తెలిశాక, పెట్టుకో అన్నాను చూడండి, అది నా తప్పు.

ప్రిన్సిపాల్ గారి గది

రీవాల్యుయేషన్ అయ్యాక వచ్చిన ఆదివారం ఇంట్లో కథ మొత్తం మళ్లీ చదివాను. పాయింట్ల కోసం కాకుండా, ఏం జరుగుతుందో తెలియనట్టు చదివాను. మంత్రసాని మూడు చోట్ల ఉంది. మొదట బిడ్డను తన నల్లటి గుడ్డల్లో చుట్టి ఒంటికి ఆనించుకుంటుంది. రెండోసారి వెళ్లగొట్టించుకుంటుంది. మూడోసారి, చాలా ఏళ్ల తరువాత, భవంతి గోడ బయట నిలబడి కిటికీ వైపు చూస్తున్న ముసలామె అని ఒక్క వాక్యం. పేరు చెప్పలేదు గానీ ఆమే. ఇన్నేళ్లలో నేను ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు పైకి చదివానో. ఒక్కసారీ వినలేదు. సిగ్గు కన్నా ముందు నాకు ఆశ్చర్యం కలిగింది. ఇంకా ఏమేం ఉన్నాయో ఈ కథలో అని సాయంత్రం దాకా వెతుకుతూ కూర్చున్నాను.

సోమవారం ప్రిన్సిపాల్ నర్సింహ సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఫిజిక్స్ చెప్పినవారు. మనిషి ముక్కుసూటి. జవాబు నకలు తీసుకుని నిదానంగా చదివారు.

“గీ పిల్ల గాలి గురించి రాసింది కరెక్టే మేడం. పొదిగే మిషన్లకు వేడి ఒక్కటే సరిపోదు. ఎవరీమె?”

చెప్పాను.

“మార్కులేసింది మీరే కద?”

“నేనే సార్. తప్పు నాదే.”

“నోటితోటి చెప్తే నడవదు. నా వల్ల తప్పు జరిగిందని కాయితం మీద రాసియ్యండి. పరీక్షల కమిటీ ముందర పెడత.”

ఆ రోజే రాసి ఇవ్వాల్సింది. సుభద్ర గారికి ఒక మాట చెబుదామని ఆగాను. ఆవిడ నెత్తి పట్టుకున్నారు. “విజయా, నువ్వలా రాసిస్తే మనం దిద్దిన పేపర్లన్నీ అనుమానం కిందికి వస్తాయి. రేపు ప్రతివాడూ వస్తాడు. ఒక్క పిల్ల కోసం ఇంతమందిని బజారున పెడతావా?” ఆవిడ భయం ఉత్తది కాదు. నేను రెండు వారాలు ఊగిసలాడాను. రాసిచ్చేసరికి కమిటీ కూర్చుని లేచిపోయింది, సప్లిమెంటరీ పరీక్ష తేదీ వచ్చేసింది. ఇక పరీక్షే రాసుకోమన్నారు.

లావణ్య రాసింది. పేపరు నేను దిద్దలేదు కానీ తరువాత తీయించి చూశాను. అదే ప్రశ్న. అయిదు పాయింట్లు, గాజు, తుఫాను, ప్రకృతి శిక్ష. నోట్సులో ఉన్నది ఉన్నట్టు, ఒక్క కామా తప్పకుండా. పదిహేనుకు పదమూడు.

కారిడార్‌లో కనిపిస్తే, బాగా రాశావమ్మా అన్నాను.

“మీకు గావల్సిందే రాసిన మేడం,” అంది. కోపంగా అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఈ ఆలస్యం వల్ల ఆ ఏడాది ఆమె బీఈడీలో చేరలేకపోయింది. సర్టిఫికెట్ లేక, వచ్చిన సీటు వదులుకుంది. ఒక ఏడాది పాటు మళ్లీ ట్రేల్లో గుడ్లు సర్దింది.

ప్రశ్న మార్చాక

మరుసటి ఏడాది నేను ప్రశ్న మార్చాను. డాక్టరుకు తెలియనిది ఏదో తెలిసినవాళ్లు ఈ కథలో ఎవరు, వాళ్లకు ఏం తెలుసు అని అడిగాను. సుభద్ర గారు ముఖం చిట్లించారు. దీనికి నోట్సు ఎలా చెబుతావు అన్నారు. చెప్పను అన్నాను. ఆ సెమిస్టర్ కొందరు తప్పారు కూడా, అది దాచను. కానీ మిగతావాళ్లు రాసినవి చదువుతుంటే నాకు పేపర్లు దిద్దడం మొదటిసారి పనిలా అనిపించలేదు. కర్మన్‌ఘాట్ నుంచి వచ్చే ఒక అమ్మాయి, వాళ్ల నాన్న బాయిలర్ మెకానిక్కట, ఆవిరి గొట్టాలు వేసిన పనివాడి గురించి రెండు పేజీలు రాసింది. అన్నేళ్లు ఆ గొట్టాలు ఆగకుండా నడిచాయంటే రోజూ ఎవడో వచ్చి చూసి ఉండాలి, వాడికి ఆ పిల్ల ముఖం తెలిసి ఉండాలి, వాడు ఎందుకు ఊరుకున్నాడు అని. కథలో ఆ మనిషి లేడు. కానీ ఉండి తీరాలి కదా. దానికి ఎన్ని మార్కులు వెయ్యాలో తెలియక సుభద్ర గారి దగ్గరికే తీసుకెళ్లాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, “ఇది నాకెందుకు తట్టలేదే,” అన్నారు. ఆవిడ గురించి పైన కొంచెం కటువుగా రాశాను గనుక ఇది కూడా రాయడం న్యాయం.

అబ్దుల్లాపూర్‌మెట్ ప్రయాణం

రిటైరయ్యాక లావణ్య నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. “రాండ్రి మేడం, ఆదివారం ఇంటికాన్నే ఉంటం,” అంది. ఎల్బీనగర్‌లో బస్సెక్కి వెళ్లాను.

యాదమ్మ ఇప్పుడు హేచరీ మానేసింది. ఇంటి వెనక నాలుగు నాటుకోళ్లు పెంచుకుంటోంది. నాకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, “గీమెనేనా నిన్ను ఫెయిల్ చేసిన మేడం?” అని కూతుర్ని అడిగింది. లావణ్య తల వంచుకుని నవ్వాపుకుంది.

“నేనేనమ్మా,” అన్నాను. “తప్పు చేశాను. అది చెప్పడానికే వచ్చాను.”

“బిడ్డకు ఏడాది పోయింది మేడం,” అంది యాదమ్మ. “అప్పుడు మస్తు ఏడ్సింది. నువ్వు గింత దూరమొచ్చి చెప్పినవ్. తిని పో.”

క్షమించానని అనలేదు. అనాలని నేను అడగలేదు.

వంట అవుతుండగా లావణ్య నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. గంప కింద కోడి పొదుగుతోంది, ఆ పొద్దునే గుడ్లు పగలడం మొదలైందట. యాదమ్మ కోడిని మెల్లగా ఎత్తి పట్టుకుంది. గడ్డిలో మూడు తడి పిల్లలు, ఇంకా పగలని గుడ్లు. ఒక గుడ్డుకు చిన్న కన్నం పడి, లోపల ముక్కు కదులుతోంది. ఎంతసేపు చూసినా కన్నం పెద్దది కావడం లేదు. నేను కిందికి వంగి, వేలితో పెంకు కొంచెం తీయబోయాను.

లావణ్య నా మణికట్టు పట్టుకుంది. “ముట్టకుండ్రి మేడం. లోపట పిల్ల ఇంకా పొరల నెత్తురు గుంజుకుంటది. మనం ఒలిస్తే సస్తది.”

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మరో నిమిషానికి ఆమె దాని పక్కనున్న గుడ్డును తీసి చెవి దగ్గర పెట్టుకుంది. అది కూడా పగిలే ఉంది, పెంకు అంచున తెల్లటి పొర ఎండిపోయింది. లావణ్య వేళ్లు తడి చేసుకుని ఆ పొరను కొద్దికొద్దిగా తడుపుతూ, గోటితో పెంకు ముక్క ఒక్కొక్కటీ తీయడం మొదలుపెట్టింది.

“మరి దీన్ని ఎందుకు తీస్తున్నావు?”

“ఇది పొద్దుగాల్నుంచి గిట్లనే ఉంది మేడం. పొర అంటుకుంది. ఇది తనంతల బయటికెల్లలేదు.”

“ఏది తానుగా బయటికి వస్తుందో, ఏది రాలేకపోతుందో ఎలా తెలుస్తుంది?”

లావణ్య వాళ్లమ్మ వైపు చూసింది. యాదమ్మ చంకలో కోడిని సర్దుకుంటూ, “ఒక్కోసారి తెల్వది మేడం,” అంది. “సూసుకుంట కూసోవాలె.”

నేను చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుని వాళ్ల పక్కన నేల మీద కూర్చున్నాను.